పైలట్ల కొత్త కాంట్రాక్ట్, సమ్మె ఓటు, మన టికెట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్ళకోసారి అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం వార్త తిరుగుతుంది: "ఫలానా ఎయిర్‌లైన్స్ పైలట్లు 99 శాతం సమ్మెకు ఓటేశారు." దాంతో వేసవికి ఇంటికి టికెట్లు కొన్నవాళ్ళందరికీ టెన్షన్ మొదలవుతుంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళే ఈ సంస్థల సొంత ఊళ్ళు కూడా. అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఫోర్ట్‌వర్త్‌లో ఉంది, సౌత్‌వెస్ట్ డాలస్‌లో, డెల్టా అట్లాంటాలో. న్యూజెర్సీలోని నెవార్క్ యునైటెడ్‌కు పెద్ద స్థావరం. 2023 మార్చి నుంచి 2024 జనవరి దాకా ఏడాది తిరక్కుండా ఈ నాలుగు చోట్లా పైలట్లకు కొత్త కాంట్రాక్టులు వచ్చాయి. ఆ విడత చర్చలనే ఉదాహరణగా తీసుకుని, మళ్ళీ మళ్ళీ వినిపించే ప్రశ్నలకు జవాబులు కింద ఇస్తున్నాం.

99 శాతం మంది ఓటేశారంటే రేపో ఎల్లుండో సమ్మె మొదలవుతుందా?

మొదలవదు. ఆ ఓటుకు అర్థం "చట్టం ఒప్పుకున్న రోజున సమ్మె పిలుపు ఇచ్చే అధికారం మా యూనియన్ నాయకులకు ఇస్తున్నాం" అని మాత్రమే. డెల్టా పైలట్లు 2022 అక్టోబర్ చివర్లో 99 శాతంతో అలా ఓటేశారు. డిసెంబర్‌కల్లా యాజమాన్యంతో అవగాహన కుదిరింది, ఒక్క విమానం కూడా ఆగలేదు. సౌత్‌వెస్ట్ పైలట్లు 2023 మేలో అంతే శాతంతో ఓటేసి, 2024 జనవరిలో కాంట్రాక్ట్ ఆమోదించుకున్నారు. అక్కడా సమ్మె జరగలేదు.

నిజానికి ఈ ఓటింగుల్లో 90 శాతానికి తగ్గితేనే వార్త. మేమంతా ఒక్కతాటి మీద ఉన్నామని బల్లకు అవతల కూర్చున్నవాళ్ళకు చూపించడమే దాని పని. కాబట్టి ఆ శీర్షిక చూసి టికెట్ క్యాన్సిల్ చేసుకోవద్దు.

సమ్మె చేసే హక్కు ఉన్నప్పుడు ఎందుకు చెయ్యలేరు? ఎవరు ఆపుతున్నారు?

ఆపేది చట్టమే, అదీ రైళ్ళ కోసం పుట్టిన చట్టం. రైల్వే లేబర్ యాక్ట్ 1926లో వచ్చింది. రైళ్ళు ఆగితే దేశం ఆగిపోతుందన్న భయంతో, గొడవ ఎంత పెద్దదైనా సమ్మె దాకా వెళ్ళడం వీలైనంత ఆలస్యం అయ్యేలా దాన్ని రాశారు. 1936లో విమాన సంస్థలను కూడా దాని కిందకు తెచ్చారు. అప్పటికి విమానం ఎక్కినవాళ్ళే తక్కువ.

నడిచే పద్ధతి ఇలా ఉంటుంది. ముందు రెండు పక్షాలూ నేరుగా మాట్లాడుకుంటాయి. తెగకపోతే నేషనల్ మీడియేషన్ బోర్డ్ అనే ముగ్గురు సభ్యుల ప్రభుత్వ సంస్థ మధ్యవర్తిని పంపుతుంది. ఇక్కడే అసలు మెలిక. మధ్యవర్తిత్వానికి గడువు లేదు. ఆరు నెలలు నడపొచ్చు, రెండేళ్ళు నడపొచ్చు. "ఇక ఉపయోగం లేదు" అని బోర్డు తనంతట తాను అనుకున్నప్పుడే, తీర్పరి చేతిలో పెడతారా అని ఇద్దరినీ అడుగుతుంది. ఎవరో ఒకరు వద్దంటే 30 రోజుల శాంతి గడువు మొదలవుతుంది. అది ముగిసిన క్షణం నుంచి యూనియన్ సమ్మె చెయ్యొచ్చు, యాజమాన్యం లాకౌట్ చెయ్యొచ్చు లేదా తన షరతులు అమలు పెట్టొచ్చు.

అంటే వార్తల్లో మీరు వెతకాల్సింది "99 శాతం" కాదు, "బోర్డు మధ్యవర్తిత్వం నుంచి విడుదల చేసింది, 30 రోజుల లెక్క మొదలైంది" అన్న మాట. అది కనిపిస్తే అప్పుడు క్యాలెండర్ చూసుకోండి.

పాత కాంట్రాక్ట్ గడువు అయిపోతే పైలట్లు ఏ షరతుల మీద పనిచేస్తారు?

పాత షరతుల మీదే. ఈ చట్టం కింద కాంట్రాక్టుకు చావు లేదు. గడువు తేదీకి బదులు సవరణ తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే మార్పులు అడగొచ్చు, కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. డెల్టా పాత కాంట్రాక్ట్ సవరణ తేదీ 2019 చివర్లో వచ్చింది. తర్వాత కోవిడ్ వచ్చి చర్చలు ఆగాయి. కొత్తది ఆమోదం పొందింది 2023 మార్చి 1న. అన్నాళ్ళూ ధరలు పెరుగుతూ పోయాయి, జీతం పట్టిక మాత్రం పాతదే. చర్చలు సాగినంతకాలం లాభపడేది యాజమాన్యమేనని పైలట్లు అనడానికి కారణం ఇదే. అందుకే కొత్త ఒప్పందాల్లో బకాయి కింద ఒకేసారి ఇచ్చే మొత్తం గురించి అంత పట్టుబడతారు.

ఇప్పుడున్న డెల్టా కాంట్రాక్ట్ సవరణ తేదీ 2026 చివర్లో ఉంది. వాట్సాప్ వార్త మళ్ళీ తిరుగుతుందన్నమాట.

అమెరికా అధ్యక్షుడు సమ్మెను ఆపగలరా?

కొంతకాలం ఆపగలరు. అత్యవసర బోర్డు వేస్తే మరో 60 రోజులు ఎవరూ కదలకూడదు. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు అర్ధరాత్రి సమ్మెలోకి దిగితే, నిమిషాల్లోనే క్లింటన్ ఆ బోర్డు వేశారు, పైలట్లు తిరిగి డ్యూటీలకు వెళ్ళారు. ఆ గడువులోనే బేరం కుదిరింది. ఇది కాక కాంగ్రెస్ కూడా చట్టం చేసి కాంట్రాక్టును రుద్దొచ్చు. 2022 డిసెంబర్‌లో రైలు కార్మికుల మీద అలాగే చేసింది.

మరి ఎప్పుడూ సమ్మె జరగలేదా?

జరిగాయి. 1985లో యునైటెడ్ పైలట్లు 29 రోజులు చేశారు. పాతవాళ్ళకు ఒక జీతం, కొత్తగా చేరేవాళ్ళకు శాశ్వతంగా తక్కువ జీతం అనే రెండంచెల పద్ధతి మీద ఆ గొడవ. 1998లో నార్త్‌వెస్ట్ పైలట్లు సుమారు రెండు వారాలు చేశారు. 2001లో డెల్టా అనుబంధ సంస్థ కోమెయిర్‌లో 89 రోజులు సాగింది. 2010 జూన్‌లో స్పిరిట్ పైలట్లు ఐదు రోజులు చేశారు. ఆ తర్వాత పదిహేనేళ్ళలో అమెరికాలో ఏ పెద్ద సంస్థలోనూ పైలట్ల సమ్మె లేదు.

సమ్మె అనకుండా అందరూ ఒకేసారి ఒంట్లో బాగోలేదంటే?

కోర్టు ఊరుకోదు. 1999 ఫిబ్రవరిలో అమెరికన్ పైలట్లు, తమ సంస్థ రీనో ఎయిర్ అనే చిన్న సంస్థను కొనడం మీద కోపంతో మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టారు. వేల విమానాలు రద్దయ్యాయి. పనిలోకి రమ్మన్న కోర్టు ఆదేశాన్ని సమయానికి పాటించలేదని యూనియన్‌కు 4.55 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటి నుంచి యూనియన్లు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటున్నాయి. విమానాశ్రయం ముందు యూనిఫాంలో, టోపీలతో, ప్లకార్డులు పట్టుకుని వరసగా నిలబడేవాళ్ళను మీరు చూసే ఉంటారు. వాళ్ళు డ్యూటీ లేని రోజున వచ్చినవాళ్ళు. సమాచార ప్రదర్శన అని దాన్ని అంటారు, చట్టం ఒప్పుకుంటుంది. వాళ్ళను చూసి మీ విమానం ఆగిందని కంగారు పడక్కర్లేదు.

చర్చల్లో కూర్చునేది ఎవరు? నాయకులు ఒప్పుకుంటే అయిపోయినట్టేనా?

డెల్టా, యునైటెడ్ పైలట్లది ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్, ఇది చాలా సంస్థలకు ఉమ్మడి. అమెరికన్, సౌత్‌వెస్ట్ పైలట్లకు ఎవరికి వాళ్ళకే సొంత యూనియన్లు. చర్చల బృందంలో ఉండేది కూడా పైలట్లే, వెనక లాయర్లు, లెక్కల నిపుణులు ఉంటారు.

బృందం ఒప్పుకున్నా, యూనియన్ మండలి ఒప్పుకున్నా, చివరి మాట మామూలు పైలట్లదే. తాత్కాలిక ఒప్పందం వాళ్ళ ముందుకు ఓటుకు వస్తుంది. 2022లో యునైటెడ్ నాయకులు తెచ్చిన ఒప్పందాన్ని పైలట్లలో 94 శాతం మంది తిప్పికొట్టారు. వ్యవహారం మొదటికి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో వచ్చినదానికి 82 శాతం సరే అన్నారు. 2023లో ఫెడెక్స్ సరుకు విమానాల పైలట్లూ 57 శాతంతో తమ ఒప్పందాన్ని కాదన్నారు. "ఒప్పందం కుదిరింది" అన్న వార్తకూ "ఆమోదం పొందింది" అన్న వార్తకూ మధ్య ఇంత దూరం ఉంది.

ఆ విడతలో ఎవరికి ఎంత పెరిగింది?

డెల్టాలో నాలుగేళ్ళకు 34 శాతం. ఇది ఎలా వచ్చిందంటే మొదట 18, తర్వాత 5, 4, 4. కూడితే 31 కదా అనిపిస్తుంది, కానీ ప్రతి పెంపూ పెరిగిన జీతం మీద పడుతుంది కాబట్టి 34. అమెరికన్‌లో వెంటనే 21 శాతం, రిటైర్మెంట్ జమలతో కలిపి నాలుగేళ్ళకు సుమారు 46 శాతమని యూనియన్ లెక్క. యునైటెడ్‌లో 40 శాతం దాకా. సౌత్‌వెస్ట్‌లో వెంటనే 29 శాతం పైచిలుకు, ఐదేళ్ళకు 50 శాతం. కాంట్రాక్టుల మొత్తం విలువ డెల్టాలో 700 కోట్ల డాలర్లు దాటింది, సౌత్‌వెస్ట్‌లో సుమారు 1,200 కోట్లు.

వీటిని పక్కపక్కన పెట్టి ఎవరు గెలిచారని చూడటం అంత సరికాదు. ఒకచోట రిటైర్మెంట్ కలిపి చెబుతారు, ఇంకోచోట కలపరు, కాలవ్యవధి కూడా ఒకటి కాదు. ఏ యూనియన్ అయినా తన సభ్యులకు చెప్పేటప్పుడు పెద్ద అంకెనే ముందు పెడుతుంది.

ఒకరికి పెరగ్గానే అందరికీ ఎలా పెరిగింది? ముందే మాట్లాడుకున్నారా?

మాట్లాడుకోనక్కర్లేదు, పక్కవాడి కాంట్రాక్ట్ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. డెల్టా కాంట్రాక్టులో ఒక ముచ్చటైన నిబంధన ఉంది: అమెరికన్ గానీ యునైటెడ్ గానీ ఎంత ఇచ్చినా, డెల్టా గంట రేటు వాళ్ళకన్నా కనీసం ఒక శాతం ఎక్కువ ఉండాలి. ఇక అమెరికన్‌లో జరిగింది చూడండి. 2023లో అక్కడి పైలట్ల ముందు తాత్కాలిక ఒప్పందం ఓటుకు సిద్ధంగా ఉంది. జూలైలో యునైటెడ్ అంతకన్నా మెరుగైనది ప్రకటించింది. దాంతో అమెరికన్ యాజమాన్యం వంద కోట్ల డాలర్లకు పైగా కలిపి కొత్త ప్రతిపాదన తెచ్చింది, ఆగస్టులో 73 శాతం ఓట్లతో అది నెగ్గింది. చివర్లో సంతకం పెట్టినవాడికే లాభం అన్నమాట.

వాళ్ళకు ఇప్పటికే లక్షల డాలర్లు వస్తున్నాయి కదా. ఇంకా ఎందుకీ ఆశ?

ఈ ప్రశ్న అడిగే మనవాళ్ళలో చాలామంది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళు, వాళ్ళ జీతాల మీద కూడా పక్కింటివాళ్ళు ఇదే అనుకుంటుంటారు. సీనియర్ కెప్టెన్ జీతం పెద్దదే, అందులో అనుమానం లేదు. కానీ కాక్‌పిట్‌లో వెనకటి సంగతులు ఎవరూ మర్చిపోలేదు.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత విమాన సంస్థలు ఒకటొకటిగా దివాలా కోర్టుకు వెళ్ళాయి. డెల్టా పైలట్లు 2004లో 32.5 శాతం జీతం వదులుకున్నారు. అది చాలదని 2006లో మరో 14 శాతం. అదే ఏడాది వాళ్ళ పెన్షన్ పథకం రద్దయింది. యునైటెడ్ ఉద్యోగుల పెన్షన్ అంతకు ముందే, 2005లో, ప్రభుత్వ బీమా సంస్థ చేతికి పోయింది. ఆ సంస్థ ఇచ్చేదానికి గరిష్ఠ పరిమితి ఉండటంతో పాతికేళ్ళు సర్వీసు చేసినవాళ్ళు కూడా రాసిచ్చినదానిలో కొంతే అందుకున్నారు. ఆ రోజుల్లో ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) ఉన్నవాళ్ళే 2022లో చర్చల బల్ల దగ్గర కెప్టెన్లుగా కూర్చున్నారు.

ఇంకోవైపు వాళ్ళకు కాలం కలిసొచ్చింది. 2020లో జనం లేక విమానాలు ఖాళీగా ఉన్నప్పుడు సంస్థలే డబ్బులిచ్చి ముందస్తు రిటైర్మెంట్ తీసుకోమన్నాయి. ఒక్క డెల్టాలోనే సుమారు 1,800 మంది పైలట్లు వెళ్ళిపోయారు. రెండేళ్ళు తిరిగేసరికి ప్రయాణికులు వెల్లువలా వచ్చారు, నడిపేవాళ్ళు లేరు. 65 ఏళ్ళకు రిటైర్ కావాల్సిందే, కొత్తవాళ్ళకు సాధారణంగా 1,500 గంటల అనుభవం కావాల్సిందే. అవసరం ఎవరిదో తెలిసినప్పుడే బేరం గట్టిగా ఆడతారు. దాన్ని ఆశ అనడం నాకు సబబుగా అనిపించదు.

జీతం గంటల లెక్కన అంటారు. ఏ గంటలు?

చాలామందికి తెలియనిది ఇదే, చర్చల్లో ఎక్కువ రోజులు తినేదీ ఇదే. పైలట్ గంట రేటు డ్యూటీ గంటలకు కాదు, బ్లాక్ గంటలకు. విమానం గేటు నుంచి కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా ఉన్న సమయమే బ్లాక్.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. కెప్టెన్ ఉదయం 6 గంటలకు డాలస్‌లో రిపోర్ట్ చేశారు. వాతావరణం, ఇంధనం కాగితాలు చూసుకుని, విమానం చుట్టూ తిరిగి పరీక్షించి 7 గంటలకు కదిలారు. గంటన్నర ప్రయాణం. అక్కడ మూడు గంటలు కూర్చోవాలి. మళ్ళీ గంటన్నర వెనక్కి. డాలస్‌లో ఇంకో రెండు గంటల ఎదురుచూపు, ఆపైన గంటన్నరలో మరో ఊరు, అక్కడే రాత్రి బస. డ్యూటీ దిగేసరికి సాయంత్రం 5 అవుతుంది. పదకొండు గంటల పని, మీటర్ తిరిగింది నాలుగున్నర గంటలే.

అందుకే కాంట్రాక్టుల్లో "రోజుకు కనీసం ఇన్ని గంటలు లెక్కగట్టాలి", "ఇన్ని డ్యూటీ గంటలకు ఒక జీతపు గంట ఇవ్వాలి", "ఇంటికి దూరంగా ఉన్న సమయానికి ఇంత" అంటూ పేజీలకు పేజీలు ఉంటాయి. వీటిలో పావుగంట మారితే సంస్థ మీద కోట్లలో భారం పడుతుంది. పైలట్ వైపు నుంచి చూస్తే నెలలో మరో రోజు ఇంట్లో పడుకోవచ్చు, ఎందుకంటే కనీస లెక్క పెరిగితే సంస్థే ఖాళీ గంటలు తగ్గించి రోస్టర్‌ను (డ్యూటీల పట్టికను) బిగించి వేస్తుంది. శాతాల అంకెకన్నా ఈ గీతల్లోనే అసలు కాంట్రాక్ట్ ఉందని నా అభిప్రాయం.

రిజర్వ్ అంటే ఏమిటి? దాని మీద అంత గొడవ ఎందుకు?

ఎవరికో జ్వరం వస్తుంది, ఎక్కడో తుపాను వస్తుంది. అప్పటికి పిలవడానికి కొందరు పైలట్లను సిద్ధంగా ఉంచుతారు. మన దగ్గర స్టాండ్‌బై అంటాం. ఫోన్ మోగితే రెండు గంటల్లో విమానాశ్రయంలో ఉండాలి అనుకోండి, ఆ రోజు పిల్లాడి స్కూల్ ఫంక్షన్‌కు వెళ్ళలేరు, ఊరు దాటలేరు, మందు ముట్టలేరు. పిలుపు రాకపోతే జనం దృష్టిలో అది సెలవే.

పైగా అమెరికా పైలట్లలో చాలామంది ఉండే ఊరు ఒకటి, డ్యూటీ మొదలయ్యే ఊరు ఇంకొకటి. ఫ్లోరిడాలో ఇల్లు, న్యూయార్క్‌లో డ్యూటీ. ఖాళీ సీటు దొరికితే ప్రయాణికుల మధ్యే కూర్చుని వస్తారు. విమానాశ్రయం పక్కన పది మంది కలిసి ఒక అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుని, అంతస్తుల మంచాల మీద వంతులవారీగా పడుకుంటారు. క్రాష్ ప్యాడ్ అంటారు దాన్ని. బ్యాచిలర్ రూమ్ గుర్తొస్తే తప్పు మీది కాదు.

2022 డిసెంబర్‌లో సౌత్‌వెస్ట్‌లో పదిరోజుల్లో దాదాపు 17,000 విమానాలు రద్దయినప్పుడు ఈ షెడ్యూలింగ్ సంగతంతా బయటపడింది. చలి తుపానుతో మొదలైంది, కానీ ఏ పైలట్ ఏ ఊళ్ళో చిక్కుకున్నాడో సంస్థ కంప్యూటర్లకే తెలియని పరిస్థితి వచ్చింది. మీరు ఎక్కడున్నారో చెప్పడానికి సిబ్బంది గంటల తరబడి ఫోన్ పట్టుకుని లైన్‌లో ఉన్నారు. ఆ వ్యవస్థ పాతబడిందని యూనియన్ అంతకుముందు నుంచే మొత్తుకుంటోంది. అయిదు నెలలకే 99 శాతం సమ్మె ఓటు పడిందంటే ఆశ్చర్యమేముంది?

నచ్చకపోతే వేరే సంస్థకు మారొచ్చు కదా, మనం కంపెనీ మారినట్టు?

మారితే అడుగు నుంచి మొదలుపెట్టాలి. ప్రతి సంస్థలో చేరిన తేదీ ప్రకారం సీనియారిటీ జాబితా ఉంటుంది. ఏ విమానం నడుపుతారు, కెప్టెన్ ఎప్పుడవుతారు, ఏ ఊరి నుంచి డ్యూటీ, ఏ రోజు సెలవు, సంక్రాంతికి ఇంట్లో ఉంటారా లేదా, అంతా ఆ జాబితాలో మీ నెంబర్ మీదే. ఉద్యోగాలు తీసేస్తే కింది నుంచి తీస్తారు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న కెప్టెన్ అమెరికన్ నుంచి డెల్టాకు వెళ్ళినా, నిన్న చేరిన కుర్రాడి వెనకే నిలబడాలి. అందుకని ఉన్నచోటే మెరుగుపరుచుకోవడం తప్ప దారి లేదు.

రెండు సంస్థలు కలిసినప్పుడు ఈ జాబితాలను కలపడం ఎంత గండమో యు.ఎస్. ఎయిర్‌వేస్ కథ చెబుతుంది. 2005లో అమెరికా వెస్ట్‌తో విలీనమైంది. 2007లో తీర్పరి ఒక ఉమ్మడి జాబితా ఇచ్చారు. సర్వీసు ఎక్కువున్న తూర్పు పైలట్లకు, అంటే పాత యు.ఎస్. ఎయిర్‌వేస్ వాళ్ళకు, అది ససేమిరా నచ్చలేదు. ఏకంగా యూనియన్‌నే మార్చేశారు. ఒకే సంస్థ, ఒకే రంగు తోక, లోపల రెండు వర్గాల పైలట్లు, ఏళ్ళ తరబడి కోర్టులు. 2013లో అమెరికన్‌తో కలిసేదాకా ఉమ్మడి కాంట్రాక్టే రాలేదు.

చిన్న విమానాల మీద కూడా కాంట్రాక్టులో షరతులు ఉంటాయట, నిజమేనా?

నిజమే. పెద్ద సంస్థలు తమ పేరు మీద చిన్న ఊళ్ళకు తిప్పే విమానాలను తక్కువ జీతాలిచ్చే ప్రాంతీయ సంస్థలు నడుపుతాయి. ఆ పని హద్దు మీరకుండా పైలట్లు గీసిన గీత 76 సీట్లు, 86,000 పౌండ్ల బరువు. ఎంబ్రేయర్ తయారుచేసిన కొత్త ఇ175-ఇ2 విమానం ఆ బరువు దాటడం వల్ల అమెరికా ప్రాంతీయ సంస్థలు కొనలేక పాత రకాన్నే కొంటున్నాయి. ఒక కాంట్రాక్టులో వాక్యం విమాన తయారీ ఫ్యాక్టరీ దాకా వెళ్ళిందన్నమాట.

కెనడాలో ఉన్నాం. ఎయిర్ కెనడాది కూడా ఇదే దారా?

చట్టం వేరు, అక్కడ గడియారం వేగంగా తిరుగుతుంది. మధ్యవర్తిత్వం తర్వాత 21 రోజుల విరామం, ఆపైన 72 గంటల నోటీసు ఇచ్చి సమ్మెకు దిగొచ్చు. ఎయిర్ కెనడా పైలట్లు 2014 నుంచి పదేళ్ళ ఒప్పందం కింద ఉన్నారు. ఈలోగా సరిహద్దు అవతల డెల్టా, యునైటెడ్ వాళ్ళ జీతాలు ఎగిరిపోయాయి. 2024 ఆగస్టులో 98 శాతం సమ్మెకు ఓటేశారు. సెప్టెంబర్ 15 తెల్లవారుజామున, నోటీసు ఇచ్చే గడువు ముంగిట, నాలుగేళ్ళకు సుమారు 42 శాతం పెంపుతో ఒప్పందం కుదిరింది. ఆమోదించినవాళ్ళు 67 శాతమే. ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్ళకు మొదటి ఏళ్ళ జీతం విషయంలో అసంతృప్తి మిగిలింది. అక్కడ సమ్మె వార్తను అమెరికా వార్తకన్నా కాస్త సీరియస్‌గా తీసుకోండి.

మన దేశంలో పైలట్లు ఇలా కాంట్రాక్ట్ కోసం చర్చలు జరపరా?

ప్రభుత్వ ఎయిర్ ఇండియాలో బలమైన సంఘాలు ఉండేవి. 2011లో జీతాల సమానత్వం కోసం పది రోజుల సమ్మె, 2012లో కొత్త బోయింగ్ డ్రీమ్‌లైనర్ విమానం శిక్షణ ఎవరికి ఇవ్వాలన్న గొడవ మీద 58 రోజుల సమ్మె జరిగాయి. టాటాల చేతికి వచ్చాక 2023లో కొత్త జీతాల పద్ధతి తెస్తే, వెయ్యికి పైగా పైలట్లు సంతకాలు చేసి రతన్ టాటాకు విజ్ఞప్తి పంపారు. యాజమాన్యంతో బల్ల దగ్గర కూర్చునే దారి లేకపోవడం వల్లే పెద్దాయనకు ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది. 2024లో విస్తారాలో నెలకు తప్పక జీతమిచ్చే గ్యారంటీ గంటలు 70 నుంచి 40కి తగ్గించే కాంట్రాక్ట్ వచ్చినప్పుడు పైలట్లు అందుబాటులో లేక విమానాలు రద్దయ్యాయి. ఉద్యోగం మానేద్దామన్నా కెప్టెన్ ఏడాది, ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలలు నోటీసు ఇవ్వాలన్న నియమం 2017 నుంచి ఉంది.

మన దగ్గర కాంట్రాక్ట్ ఎక్కువగా ఒక్కొక్కరితో విడివిడిగా ఉంటుంది కాబట్టి, అసలు పోరాటం ప్రభుత్వ నిబంధనల మీదకు మళ్ళింది. వారపు విశ్రాంతి 36 నుంచి 48 గంటలకు పెంచాలని, రాత్రి ల్యాండింగులు తగ్గించాలని పైలట్ సంఘాలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాయి. 2025 నవంబర్‌లో ఆ నియమాలు పూర్తిగా అమల్లోకి వచ్చాయి. సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగోలో డిసెంబర్ మొదట్లో ఏం జరిగిందో శంషాబాద్‌లో సూట్‌కేసుల మీద కూర్చున్న జనానికి బాగా తెలుసు. అమెరికాలో ప్రభుత్వ నియమం నేల లాంటిది, దాని మీద యూనియన్ కాంట్రాక్ట్ కట్టుకుంటుంది. మన దగ్గర ఆ నేల కోసమే తగువు.

సరే, సమ్మె నిజంగా వస్తే మా టికెట్ సంగతి?

అమెరికాలో సంస్థ ఏ కారణంతో విమానం రద్దు చేసినా, మీరు ప్రత్యామ్నాయం వద్దనుకుంటే డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందే. వోచర్ అంటగడితే ఒప్పుకోకండి. క్రెడిట్ కార్డుతో కొంటే ఏడు పనిదినాల్లో రావాలి. హోటల్, నష్టపరిహారం లాంటివి మాత్రం చట్టం ఇప్పించదు. కెనడాలో పెద్ద సంస్థ 48 గంటల్లో తన విమానంలో పంపలేకపోతే వేరే సంస్థ విమానంలోనైనా పంపాలి, లేదా డబ్బివ్వాలి. పరిహారం అక్కడా రాదు.

యూరప్ సంగతి వేరు. సంస్థ సొంత పైలట్ల సమ్మె "అసాధారణ పరిస్థితి" కాదని 2021లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కేసులో యూరప్ న్యాయస్థానం తేల్చింది. కాబట్టి లుఫ్తాన్సా హైదరాబాద్-ఫ్రాంక్‌ఫర్ట్ విమానం పైలట్ల సమ్మె వల్ల 14 రోజుల లోపు సమాచారంతో రద్దయితే, టికెట్ డబ్బు లేదా వేరే విమానంతో పాటు మనిషికి 600 యూరోల దాకా అడగొచ్చు. 2022 సెప్టెంబర్ 2న అక్కడి పైలట్లు ఒక్కరోజు సమ్మె చేస్తేనే 800 విమానాలు ఆగాయి, కాబట్టి ఇది ఊహించి చెబుతున్నది కాదు.

ఇంకో మాట. ఎమిరేట్స్‌లోనో ఖతార్‌లోనో వెళ్తున్నాం, మాకేం సంబంధం అనుకోకండి. మీ ఊరి నుంచి పెద్ద విమానాశ్రయం దాకా తీసుకెళ్ళేది యునైటెడ్ లేదా అమెరికన్ విమానం అయ్యుండొచ్చు. అంతా ఒకే టికెట్ అయితే తర్వాతి విమానం చూసే బాధ్యత వాళ్ళది. చవగ్గా వస్తుందని రెండు విడి టికెట్లు కొంటే ఆ బాధ మీదే. పెళ్ళికో, అమ్మానాన్నలను ఒంటరిగా పంపడానికో అయితే ఒకే టికెట్ తీసుకోండి.

పైలట్ల జీతాలు పెరిగితే టికెట్ ధరలు పెరుగుతాయా?

కొంత. జీతాలు, ఇంధనం ఈ రెండే విమాన సంస్థకు పెద్ద ఖర్చులు. కానీ ధరను నిర్ణయించేది ఆ దారిలో ఎన్ని సంస్థలు పోటీ పడుతున్నాయన్నదే. పెద్ద సంస్థలు ఈ ఖర్చును బిజినెస్ క్లాస్ మీద సర్దుకోగలిగాయి. చవక టికెట్ల మీద బతికే సంస్థలకే ఊపిరాడలేదు. 2024 నవంబర్‌లో స్పిరిట్ దివాలా పిటిషన్ వేయడానికి ఉన్న అనేక కారణాల్లో పెరిగిన ఖర్చులూ ఉన్నాయి.

ఈ జీతాలు చూసి మా అబ్బాయి అమెరికా వెళ్ళి పైలట్ అవుతానంటున్నాడు. పంపమంటారా?

శిక్షణకు పంపండి, ఉద్యోగం గ్యారంటీ అనుకుని మాత్రం పంపకండి. పైన చెప్పిన పెద్ద సంస్థలు సాధారణంగా అమెరికాలో పనిచేసే హక్కు ముందే ఉన్నవాళ్ళనే తీసుకుంటాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లా వీసా స్పాన్సర్ చెయ్యవు. 1,500 గంటలు పూర్తి చెయ్యడానికి చాలామంది శిక్షకులుగా ఏళ్ళ తరబడి పనిచేస్తారు. స్టూడెంట్ వీసా మీద దానికి దొరికే సమయం తక్కువ. వెనక్కి వస్తే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షలు రాసి లైసెన్స్ మార్పించుకోవాలి, ఆపైన ఏదో ఒక రకం విమానాన్ని నడిపే అర్హత, అంటే టైప్ రేటింగ్ ఖర్చు విడిగా ఉంటుంది. లోన్ తీసుకునే ముందు డీజీసీఏ క్లాస్ 1 మెడికల్ చేయించండి. కంటిచూపు దగ్గరో, బీపీ దగ్గరో ఆగిపోతే అక్కడితో తెలిసిపోతుంది.